కళ్ళెందుకు తిరుగుతాయి? – లోపలి చెవిలోని సమతుల్యతకు ఒక కంప్యూటర్ నమూనా



ఈనాటి మన ప్రసంగాంశం లోపలి చెవి. చెవి అనగానే మనకు వినికిడి గుర్తుకు వస్తుంది. కాని మనం పడిపోకుండా నిలబడటానికి, నడుస్తూ కూడా ఎదురుగా ఉన్న బోర్డు చదవగలగటానికి కారణమైన మరొక అవయవం అదే చెవిలో ఉంది. దాన్ని శాస్త్రజ్ఞులు కంప్యూటర్ నమూనాల ద్వారా ఎలా అర్థం చేసుకున్నారో ఈ రోజు చూద్దాం. పేరు విని భయపడకండి. ఆ నమూనాలలో మొదటిదాన్ని మీ బడిలోని కంప్యూటరు మీద, మార్కుల జాబితాలు వేసే స్ప్రెడ్‌షీట్‌లోనే, ఒక గంటలో మీరే తయారు చేయవచ్చు.

ముందుగా ఒక చిన్న సంగతి చెబుతాను.

పెద్దమ్మ చెప్పిన మాట

నేను సూరత్‌లో ఉంటాను. ఈ ఊరిలో లింబాయత్ వైపు వెళితే తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువుకు వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. మరమగ్గాలను వారు సాంచాలు అంటారు. మీలో కొందరు ఆ ఇళ్ళ పిల్లలే కావచ్చు. ఇక్కడి తెలుగు మాధ్యమం మునిసిపల్ బడిలో చదివినవారూ ఉండవచ్చు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. అరవై ఏళ్ళు దాటినా కండెలు చుట్టే పనికి వెళ్ళేది. ఒకనాడు పై అరలో ఉన్న కండెల పెట్టె అందుకోవటానికి తల పైకెత్తింది. కాసేపటికి గది మొత్తం గిర్రున తిరిగింది. పక్కనున్న గుంజ పట్టుకుని నిలబడింది. ఆ తరువాత మంచం మీద పక్కకు ఒత్తిగిలినా అదే బాధ. నీరసం అన్నారు కొందరు. పైత్యం అన్నారు మరికొందరు. రక్తం తక్కువ అని బలానికి మాత్రలు ఇచ్చారు. నాలుగు నెలలు పనికి వెళ్ళలేదు. రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. చేతికి వచ్చే కూలి పోయింది. అంతకన్నా, ఇక తన పని అయిపోయిందన్న భయం పట్టుకుంది.

ఆమె నాతో ఒక మాట చెప్పింది. "తల ఎత్తంగనే ఏం గాదు బిడ్డా. ఐదు లెక్కవెట్టేదాక మంచిగనే ఉంటది. గప్పుడు భూమి గిర్రున తిరుగుతది. మల్ల నిమిషంల ఆగుతది."

ఈ "ఐదు లెక్కపెట్టటం" అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ పట్టించుకోలేదు. కాని ఆమె జబ్బు ఏమిటో ఆ మాటలోనే ఉంది. అది ఎలాగో తెలియాలంటే మనం చెవిలోకి వెళ్ళాలి.

తెలుగులో ఒక మంచి మాట

తల తిరిగినప్పుడు మనం "కళ్ళు తిరుగుతున్నాయి" అంటాం. ఇది ఊరికే అలంకారానికి పుట్టిన మాట కాదు. ఆ సమయంలో మనిషి కళ్ళు నిజంగానే కదులుతాయి. ఒక పక్కకు నెమ్మదిగా జారి, తటాలున వెనక్కు వస్తాయి. మళ్ళీ జారుతాయి. దగ్గరనుంచి చూస్తే ఎదుటివారికి కనిపిస్తుంది.

కళ్ళకూ చెవికీ సంబంధం ఏమిటి? ఇప్పుడే ఒక ప్రయోగం చేయండి. చేతిలోని ఈ పుస్తకాన్ని కుడికీ ఎడమకూ వేగంగా, సెకనుకు రెండుసార్లు ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పుస్తకాన్ని కదలకుండా పట్టుకుని, తలను అంతే వేగంతో ఊపండి. అక్షరాలు చక్కగా కనిపిస్తాయి! తల కుడికి తిరిగితే కళ్ళు అంతే వేగంతో ఎడమకు తిరగటమే దీనికి కారణం. ఆ ఆజ్ఞ లోపలి చెవి నుంచి వస్తుంది. సెకనులో వందో వంతు సమయంలో పని జరిగిపోతుంది. దీన్ని చెవికీ కన్నుకూ మధ్యనున్న ప్రతీకార చర్య అనుకోండి.

లోపలి చెవి నిర్మాణం

జీవశాస్త్ర పుస్తకంలోని బొమ్మను గుర్తుకు తెచ్చుకోండి. ఒక్కొక్క చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. అవి గది మూలలో కలిసే రెండు గోడలు, నేల మాదిరిగా ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉంటాయి. అందువల్ల తల ఏ దిశలో తిరిగినా మూడింటిలో ఏదో ఒకదానికి తెలుస్తుంది. ఒక్కొక్క కుల్య ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న వలయం. లోపలి గొట్టం సన్నం, మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. అందులో అంతరలసిక అనే ద్రవం ఉంటుంది. వలయంలో ఒకచోట గొట్టం ఉబ్బి కలశిక అవుతుంది. ఆ కలశికకు అడ్డంగా జెల్లీ వంటి ఒక తెర ఉంటుంది. దాని పేరు క్యూపులా. దాని అడుగున రోమకణాలు ఉంటాయి.

ఇది ఎలా పనిచేస్తుంది? ఒక గిన్నెలో నీళ్ళు పోసి, మధ్యకు కొంచెం పక్కగా ఒక తులసి ఆకు వేయండి. గిన్నెను చటుక్కున తిప్పండి. గిన్నె తిరుగుతుంది, ఆకు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. నీటి జడత్వమే కారణం. కుల్యలోనూ ఇంతే. తల తిరుగుతుంది, ద్రవం వెనుకబడుతుంది. ఆ ద్రవం తెరను నెడుతుంది. తెర వంగితే రోమకణాలు వంగుతాయి, నాడికి సంకేతం పోతుంది.

కుల్యల పక్కనే మరో రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు జిగురు పొర మీద అతుక్కుని ఉంటాయి. ఇవి మన చెవిలోని రాళ్ళు. ఏది కింద, ఏది పైన అన్న సమాచారాన్ని ఇవి ఇస్తాయి. ఈ రాళ్ళను గుర్తుంచుకోండి, తరువాత వీటితో పని ఉంది.

1820లలో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు ఫ్లూరెన్స్ పావురాల కుల్యలను కోసి చూశాడు. ఏ కుల్యను కోస్తే ఆ తలంలోనే పావురం తల ఊగిపోయింది. 1873 – 1875 మధ్య ఎర్నెస్ట్ మాక్, జోసెఫ్ బ్రాయర్, క్రమ్ బ్రౌన్ అనే ముగ్గురు ఎవరికి వారుగా ఆలోచించి, కుల్యలలోని ద్రవ జడత్వమే తల తిరగటాన్ని గుర్తిస్తుందని చెప్పారు.

కాని ఒక చిక్కుంది. ఈ అవయవం పుర్రెలోని అతి గట్టి ఎముక లోపల దాగి ఉంది. బతికున్న మనిషి చెవిలోకి పరికరం దింపి, తెర ఎంత వంగిందో కొలవటానికి వీలు లేదు. చేయి చొరని చోటికి లెక్క చొరబడుతుంది. అదే నమూనా.

చిల్లికుండ నమూనా

నమూనా అంటే బొమ్మ కాదు. తెర మీద రంగురంగుల చెవి తిరుగుతూ కనిపిస్తే అది చూడటానికి బాగుంటుంది గాని, దానంతట అది నమూనా కాదు. నమూనా అంటే "ఇది ఇలా పనిచేస్తుందని నేను అనుకుంటున్నాను" అని లెక్క రూపంలో చెప్పటం. లెక్కగా చెప్పాక జవాబు ఒక సంఖ్యగా వస్తుంది. సంఖ్య తప్పు కావచ్చు. తప్పు కాగలగటమే నమూనాకున్న గొప్ప గుణం. అది ఎందుకో ముందుముందు చూస్తారు.

1930లలో జర్మనీకి చెందిన స్టైన్‌హౌసెన్ ఒక చేప కుల్యలోకి రంగు పంపి, తెర కదలటాన్ని కళ్ళారా చూశాడు. ద్రవమూ తెరా కలిసి, చిక్కటి ద్రవంలో ఊగే లోలకంలా ప్రవర్తిస్తాయని సమీకరణం రాశాడు. తెరకు సాగే గుణం ఉంది కాబట్టి అది తన చోటికి తిరిగి రావాలని చూస్తుంది. ద్రవం జిగట వల్ల ఆ రావటం నెమ్మదిగా జరుగుతుంది.

దీన్ని మన ఇంటి భాషలో చిల్లికుండ అనుకోండి. తల వేగం మారినప్పుడల్లా కుండలో నీళ్ళు పడతాయి. కుండలో ఉన్న నీటిలో ఐదో వంతు ప్రతి సెకనూ కారిపోతుంది. మనిషి కుల్యలో తెర వెనక్కు వచ్చే కాలం సుమారు ఐదు సెకన్ల స్థాయిలో ఉంటుంది కాబట్టి ఐదో వంతు అన్నాను. సూత్రం ఇది:

కొత్త వంపు = పాత వంపు – (పాత వంపు ÷ 5) + ఆ సెకనులో తల వేగంలో వచ్చిన మార్పు

స్ప్రెడ్‌షీట్‌లో మూడు నిలువు వరుసలు తీసుకోండి. మొదటి వరుసలో సమయం సెకన్లలో, రెండవదానిలో తల తిరిగే వేగం, మూడవదానిలో పై సూత్రం. ఇప్పుడు ఒక విద్యార్థిని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, 6 సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిప్పుతున్నామనుకోండి. అంటే సెకనుకు 60 డిగ్రీలు. మొదలుపెట్టగానే వేగంలో మార్పు 60. తరువాత వేగం మారదు కాబట్టి మార్పు సున్న.

మూడవ వరుసలో ఏమి వస్తుందో చూడండి: 60, 48, 38, 31, 25, 20, 16, 13, 10, 8, 6. పది సెకన్లు గడిచేసరికి వంపు పదో వంతుకు పడిపోయింది. కుర్చీ మాత్రం అదే వేగంతో తిరుగుతూనే ఉంది! ముప్పైయవ సెకను దగ్గర కుర్చీని ఆపండి. వేగంలో మార్పు –60. కుండ దాదాపు ఖాళీ కాబట్టి వంపు సుమారు –60 అవుతుంది. అంటే తల కదలకపోయినా, ఎదురు దిశలో తిరుగుతున్నట్టు చెవి చెబుతుంది.

ఇది మీకు తెలియనిదా? చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడినవారందరికీ తెలుసు. ఇద్దరు చేతులు పట్టుకుని గిర్రున తిరిగి, ఆగిపోయాక నేల తిరుగుతుంది. సూరత్‌లో నవరాత్రి రోజుల్లో గర్బా ఆడేవారికి కూడా ఇది అనుభవమే. మూడు వరుసల లెక్క ఆ అనుభవాన్ని ముందుగానే చెప్పగలిగింది.

విమానంలో ఈ లెక్క

ఇంకొక లెక్క చేయండి. ఈసారి వేగం ఒక్కసారిగా కాకుండా, ప్రతి సెకనుకు 0.2 డిగ్రీ చొప్పున నెమ్మదిగా పెరుగుతోందనుకోండి. 20 సెకన్లలో మనిషి సుమారు 40 డిగ్రీలు ఒరిగిపోతాడు. కాని మూడవ వరుసలోని సంఖ్య ఎంతసేపటికీ 1 దాటదు. ఎంత పడుతున్నదో అంతా కారిపోతున్నది. అంత చిన్న సంకేతం మనకు తెలియకుండానే పోవచ్చు.

ఇది పరీక్షలో మార్కుల సంగతి కాదు. 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయి బయలుదేరిన ఎయిర్ ఇండియా 855 విమానం కొద్ది నిమిషాలలోనే అరేబియా సముద్రంలో కూలిపోయింది. విమానం ఎటు ఒరిగిందో చూపే పరికరం కెప్టెన్ ముందు తప్పు చూపింది. ఆయన దాన్ని నమ్మి విమానాన్ని ఎడమకు ఒరిగిస్తూ పోయాడు. రాత్రి వేళ, కింద సముద్రం. బయట చూసి తెలుసుకోవటానికి ఏమీ లేదు. అందులో ఉన్న 213 మందీ మరణించారు. చెవి ఒక్కటే అటువంటి వేళ మనిషిని కాపాడలేదని మన చిన్న లెక్క చెబుతోంది. అందుకే విమానాలలో ఒకటికి రెండు పరికరాలు పెడతారు. ఒకదానితో మరొకటి సరిపోల్చుకోవాలని పైలట్లకు నేర్పుతారు.

నమూనా తప్పిన చోట

ఇప్పుడు నమూనాను నిజంగా పరీక్షిద్దాం. తిరిగే కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి, కళ్ళకు గంతలు కట్టండి. పక్కన పెద్దవారు ఉండాలి. మెడనొప్పి, ఫిట్స్ వంటివి ఉన్నవారు కూర్చోవద్దు. గదిలో మాటలు, ఫ్యాను గాలి లేకుండా చూడండి; అవి దిశను పట్టిస్తాయి. కుర్చీని 6 సెకన్లకు ఒక చుట్టు చొప్పున, కుదుపు లేకుండా తిప్పండి. "తిరగటం ఆగినట్టు అనిపించగానే చెయ్యి ఎత్తు" అని చెప్పండి.

మన నమూనా ప్రకారం పది పన్నెండు సెకన్లకు చెయ్యి లేవాలి. కాని చాలామంది ఇరవై సెకన్లు, ఒక్కోసారి ముప్పై సెకన్లు దాటాక గాని చెయ్యి ఎత్తరు. మీ లెక్క తప్పిందా? మళ్ళీ చూసుకోండి. లెక్కలో తప్పు లేదు. తెర నిజంగానే తన చోటికి వచ్చేసింది. అయినా మనిషికి ఇంకా తిరుగుతున్నట్టే ఉంది!

ఈ తేడాను పక్కకు నెట్టేయకుండా పట్టుకున్నవారు మంచి సంగతి కనుగొన్నారు. 1979లో న్యూయార్క్ శాస్త్రజ్ఞులు థియోడర్ రాఫన్, మత్సువో, బెర్నార్డ్ కోహెన్ ఒక కొత్త నమూనాను ప్రచురించారు. చెవి నుంచి వచ్చే సంకేతాన్ని మెదడు కాండం కొంతసేపు దాచి ఉంచుతుందని వారు చూపారు. దీన్ని వేగపు నిల్వ అంటారు. మన భాషలో చెప్పాలంటే, చిల్లికుండ కింద మెదడు మరో కుండ పెట్టింది. పై కుండ నుంచి కారిన నీరు అందులో నిలుస్తుంది. ఆ రెండో కుండ చాలా నెమ్మదిగా కారుతుంది.

మీ సూత్రంలో 5 తీసివేసి 16 పెట్టి చూడండి. పదో సెకనుకు 31, ముప్పైయవ సెకనుకు 9 వస్తుంది. కుర్చీలో మీరు చూసినదానికి ఇది బాగా దగ్గర. అయితే 5 చెవికి చెందిన సంఖ్య, 16 చెవీ మెదడూ కలిసిన సంఖ్య. మొదటి నమూనా తప్పకపోతే ఈ రెండింటినీ వేరు చేసేవారం కాదు. విద్యార్థులారా, ఈ ప్రసంగంలో ఒక్క మాట మాత్రమే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి: నమూనా నిజంతో సరిపోయినప్పుడు సంతోషిస్తాం, సరిపోనప్పుడు నేర్చుకుంటాం.

పెద్దమ్మ లెక్కపెట్టిన ఐదు

ఇక పెద్దమ్మ దగ్గరకు వద్దాం. 1952లో ఇంగ్లండు వైద్యులు డిక్స్, హాల్‌పైక్ ఇటువంటి రోగులను వర్ణించారు. రోగిని కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కు పడుకోబెడితే కొన్ని సెకన్లు ఏమీ జరగదు. తరువాత కళ్ళు తిరగటం మొదలవుతుంది. నిమిషం లోపల ఆగిపోతుంది. దీన్ని వైద్యులు నేడు బీపీపీవీ అంటారు. ప్రాణాపాయం లేని, తల ఉంచే భంగిమను బట్టి వచ్చే తలతిరుగుడు అని అర్థం.

కారణం ఆ చెవి రాళ్ళే. వయసు వల్లనో, తలకు దెబ్బ తగలటం వల్లనో కొన్ని స్ఫటికాలు ఊడి కుల్యలోకి చేరతాయి. అక్కడ అవి ఏమి చేస్తాయన్న దాని మీద రెండు వాదాలు వచ్చాయి. అవి తెరకు అంటుకుని దాన్ని బరువెక్కిస్తాయని 1969లో షుక్‌నెక్ట్ ప్రతిపాదించాడు. కాదు, అవి ద్రవంలో తేలుతూ జారుతుంటాయని 1979లో హాల్, రూబీ, మెక్‌క్లూర్ వాదించారు. ఏది నిజం?

ఇక్కడ లెక్క సాయం చేస్తుంది. రాళ్ళు తెరకు అంటుకుని ఉంటే, తల వంచగానే తెర వంగటం మొదలవ్వాలి. తల అలాగే ఉన్నంతసేపూ బాధ ఉండాలి. కాని రోగులలో ఎక్కువమంది చెప్పేది అది కాదు.

రాళ్ళు ద్రవంలో జారుతుంటే? ఇంటర్మీడియట్ విద్యార్థులకు స్టోక్స్ సూత్రం తెలుసు. ద్రవంలో పడే చిన్న గోళం త్వరలోనే ఒక స్థిరమైన చరమ వేగాన్ని చేరుతుంది. రాయి వ్యాసార్ధం 7.5 మైక్రోమీటర్లు అనుకుందాం. దాని సాంద్రత నీటికి 2.7 రెట్లు. ద్రవ స్నిగ్ధత దాదాపు నీటి స్నిగ్ధతే, 0.00085 పాస్కల్ సెకను తీసుకోండి. సూత్రంలో వేస్తే వేగం సెకనుకు సుమారు 0.25 మిల్లీమీటరు వస్తుంది. కాగితం మీద చేసి చూడండి.

రాళ్ళు మొదట కలశికలో, తెర పక్కన ఉంటాయి. అది వెడల్పైన గది. అందులో రాయి పడుతున్నప్పుడు ద్రవం పక్కల నుంచి సులభంగా తప్పుకుంటుంది, తెర మీద ఒత్తిడి అంతగా పడదు. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు జారాక రాళ్ళు సన్నని గొట్టంలోకి ప్రవేశిస్తాయి. అప్పుడు అవి సిరంజిలోని ముషలకంలా ద్రవాన్ని లాగుతాయి, తెర వంగుతుంది. 0.25 మిల్లీమీటరు వేగంతో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు జారటానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు నుంచి ఆరు సెకన్లు.

పెద్దమ్మ లెక్కపెట్టిన ఐదు అదే! ఆ తరువాత గొట్టం వంపు వెంట ఐదారు మిల్లీమీటర్లు జారి అడుగున ఆగటానికి ఇరవై, పాతిక సెకన్లు పడుతుంది. గోడకు రాసుకుంటూ జారితే మరికొంచెం ఎక్కువ. "నిమిషంల ఆగుతది" అన్న మాటకు కూడా జవాబు దొరికింది.

2004లో టాడ్ స్క్వైర్స్, తిమోతీ హేన్, హోవర్డ్ స్టోన్ తదితరులు ఈ లెక్కను మనకన్నా ఎంతో నిశితంగా చేసి ప్రచురించారు. పై అర అందుకోబోయి తల ఎత్తినప్పుడు వచ్చే తలతిరుగుడు అని దానికి పేరు కూడా పెట్టారు. అదే ఏడాది అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో సుహృద్ రాజ్‌గురు, రిచర్డ్ రాబిట్ తదితరులు మూడు కుల్యలనూ మూడు కొలతలలో కంప్యూటరులో నిర్మించి, తలను వరుసగా తిప్పితే రాళ్ళు ఎటు జారతాయో లెక్కగట్టారు.

ఎందుకంటే చికిత్స కూడా అదే. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతిలో మందు లేదు, కత్తి లేదు. రోగి తలను కొన్ని భంగిమలలో వరుసగా తిప్పుతారు. ఒక్కొక్క భంగిమలో రాళ్ళు జారేదాకా ఆగుతారు. చివరకు అవి కుల్య నుంచి బయటపడి మొదటి సంచిలోకి వెళ్ళిపోతాయి. చేతిలో పట్టుకునే ఆటబొమ్మలో గుండును వంకరదారుల గుండా గుంటలోకి చేర్చటం వంటిదే ఇది. ఎప్లీకి ఈ పద్ధతి కంప్యూటరు చెప్పలేదన్నది కూడా గమనించండి. నమూనా తరువాత వచ్చింది. అది ఎందుకు పనిచేస్తుందో, ఎంతసేపు ఆగాలో, ఏ కోణం మంచిదో నమూనా చూపింది.

మా పెద్దమ్మను చివరకు చెవి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆయన వయసులో చిన్నవాడు. మొదట అడిగిన ప్రశ్న, "తల ఎత్తిన ఎంతసేపటికి మొదలవుతుంది అమ్మా?" అని. ఆమె "ఐదు లెక్కవెట్టేదాక ఏం గాదు" అన్నది. ఆయన ఆమెను పడుకోబెట్టి కళ్ళలోకి చూస్తూ మెల్లగా లెక్కపెట్టాడు. ఆరు దగ్గర కళ్ళు తిరగటం మొదలైంది. తరువాత తలను భంగిమల వెంట తిప్పి కూర్చోబెట్టాడు. మొత్తం పావుగంట పట్టలేదు. ఆ రాత్రి ఆమె నాలుగు నెలల తరువాత పడుకుని నిద్రపోయింది. కొద్దిరోజులకు మళ్ళీ కండెల దగ్గర కనిపించింది.

ఒక హెచ్చరిక

విద్యార్థులారా, ప్రతి తలతిరుగుడూ ఇదే కాదు. మాట ముద్దగా రావటం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పటం, ఒకటి రెండుగా కనిపించటం, ఉన్నట్టుండి చెవి వినిపించకపోవటం, తీవ్రమైన తలనొప్పి – వీటిలో ఏది తోడైనా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అది మెదడుకు సంబంధించినది కావచ్చు. అలాగే తల తిప్పే చికిత్సను ఏ చెవి, ఏ కుల్య అని తేల్చకుండా ఇంట్లో చేయవద్దు. అది తేల్చవలసింది వైద్యుడు.

నమూనాకు ఉన్న హద్దులు కూడా చెప్పాలి. మన లెక్కలో ఒక్క రాయి ఉంది. నిజంగా ఎన్నో ఉంటాయి, అవి గుంపుగా జారతాయి. మన లెక్కలో రాయి గుండ్రం. నిజమైన స్ఫటికానికి కోణాలుంటాయి. మన చిల్లికుండలో ఒక్క కుల్యే ఉంది. మనిషికి ఆరు కుల్యలు, నాలుగు రాళ్ళ సంచులు, రెండు కళ్ళు, నేలను తాకే పాదాలు ఉన్నాయి. మెదడు వీటన్నిటి మాటా వింటుంది. ఏమి వదిలేశామో రాసిపెట్టుకోవటం నమూనా చేసేవాడి మొదటి బాధ్యత.

మీరు చేయవలసిన పని

1. పైన చెప్పిన మూడు వరుసల పట్టికను తయారు చేసి, సమయం – వంపు గ్రాఫు గీయండి. ఐదో వంతుతో ఒకటి, పదహారో వంతుతో ఒకటి.

2. కుర్చీ ప్రయోగాన్ని పదిమందితో జాగ్రత్తగా చేసి, చెయ్యి ఎత్తిన సమయాలను రాయండి. అందరికీ ఒకే సంఖ్య రాదు. ఏ సంఖ్యను పెడితే ఎవరికి సరిపోతుందో కనుక్కోండి.

3. రాయి వ్యాసార్ధం సగమైతే జారే వేగం ఎంతవుతుంది? నాలుగో వంతు. అప్పుడు పెద్దమ్మ ఎంతవరకు లెక్కపెట్టి ఉండేది?

చివరగా ఒక మాట. చదువులేని పెద్దవాళ్ళు తమ బాధను చెప్పుకునేటప్పుడు సంఖ్యలు కూడా చెబుతారు. ఎన్ని అడుగులు వేశాక, ఎంత లెక్కపెట్టాక, ఏ పక్కకు తిరిగితే అని చెబుతారు. వాటిని శ్రద్ధగా వినండి. సమీకరణానికి కావలసిన కొలత ఒక్కోసారి ప్రయోగశాలలో కాక, పక్కింటి గడప మీద దొరుకుతుంది.